శోథకాలంలో కాలేయం చేసే పని

గత విద్యాసంవత్సరంలో అర్ధవార్షిక పరీక్షలకు ముందు మా తరగతి విద్యార్థి ఒకరు పది రోజులపాటు కళాశాలకు రాలేదు. పదకొండవ రోజున వారి తండ్రిగారు వచ్చి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితాన్ని మా బల్లపై ఉంచారు. అది రక్తపరీక్ష నివేదిక. అందులో "ఇ.ఎస్.ఆర్. - గంటకు 62 మి.మీ." అన్న వరుస కింద ఎవరో ఎర్రసిరాతో గీత గీసి ఉన్నారు. "సార్, ఇది టి.బి. అంటున్నారు. మా అమ్మాయికి వచ్చిన సంబంధం వారు కూడా మాట వెనక్కి తీసుకునేటట్టు ఉన్నారు. మీరు సైన్సు చెప్పేవారు గదా, ఒక్కసారి చూడండి" అని ఆయన అన్నారు. ఆ ఎర్రగీత వైద్యుడు గీసినది కాదని విచారించగా తెలిసింది. నివేదిక ప్రయోగశాల నుండి వైద్యుని వద్దకు చేరకముందే ఇంటికి వచ్చింది. చదువుకున్న బంధువొకరు దానిని చూసి తీర్పు చెప్పారు. అంతే.

మేము జీవశాస్త్రం బోధించేవారమే గాని వైద్యులము కాము. కావున వారిని వైద్యుని వద్దకు వెళ్ళవలసినదిగా కోరాము. ఏమి జరిగినదీ వ్యాసం చివర చెప్పగలము. కాని ఆ రోజు నుండి మాకొక విషయం మనసులో నిలిచిపోయింది. మన ఇండ్లలో ఈనాడు రక్తపరీక్ష కాగితం లేని ఇల్లు లేదు. ఆ కాగితంలోని అంకె ఎక్కడి నుండి పుడుతుందో తెలిసినవారు మాత్రం బహుకొద్దిమంది. ఇ.ఎస్.ఆర్. అయినా, 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ పుణ్యమా అని ప్రతి ఇంటా వినిపించిన సి.ఆర్.పి. అయినా, ముఖ్యంగా మన కాలేయం చేసే ఒక పనికి సంబంధించిన కొలతలు. ఆ పని ఏమిటో వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

మన కళాశాలలో రెండు భాషలు సాగుతున్నవి గనుక కాలేయానికి పేర్ల కొరత లేదు. మాంసం దుకాణంలో అది కలేజీ, కార్జం. ఉర్దూ కవితలో అది జిగర్. ధైర్యానికి, ప్రేమకు, వేదనకు స్థానం. మొరాదాబాదుకు చెందిన సుప్రసిద్ధ గజల్ కవి (1890-1960) ఆ మాటనే తన కలంపేరుగా ఎంచుకున్నారు. గుండెకు దక్కిన గౌరవం తెలుగు కవిత్వంలో కాలేయానికి దక్కలేదన్నది వేరే మాట.

యూనానీ వైద్యంలో జిగర్ స్థానం మరీ ఉన్నతమైనది. మన హకీములు జాలీనూస్ అని పిలిచే గేలెన్ క్రీ.శ. రెండవ శతాబ్దానికి చెందినవాడు. జీర్ణమైన ఆహారసారం సిర ద్వారా కాలేయానికి చేరుతుందనీ, అక్కడ అది రక్తంగా మారుతుందనీ ఆయన బోధించాడు. ఇబ్న్ సీనా (980-1037) కూడా తన వైద్యగ్రంథంలో ఈ మతాన్నే అనుసరించాడు. దాదాపు పదిహేను శతాబ్దాలపాటు కాలేయమే రక్తం యొక్క పుట్టినిల్లు. 1628లో హార్వే రక్తప్రసరణను నిరూపించిన తరువాత ఈ సిద్ధాంతానికి బీటలు వారాయి. ఆహారసారం కాలేయానికి పోకుండా వక్షనాళం గుండా సరాసరి సిరలోకి పోయే దారిని 1651లో పెకే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. దానితో డెన్మార్కు దేశస్థుడైన టామస్ బార్తొలిన్ 1653లో కాలేయానికి ఏకంగా అంత్యక్రియలే ప్రకటించి, పరిహాసంగా సమాధిఫలకం కూడా వ్రాశాడు. 1868లో జర్మను శాస్త్రజ్ఞుడు నాయ్‌మన్ రక్తకణాలు అస్థిమజ్జలో పుడతాయని చూపాడు. ఇక కాలేయానికి రక్తంతో పని లేదన్నట్లే తోచింది. (గర్భస్థశిశువులో కొంతకాలం రక్తకణాలను తయారుచేసేది కాలేయమే. గేలెన్ పూర్తిగా తప్పు చెప్పలేదన్నమాట.)

కాని రక్తమంటే కణాలు మాత్రమే కాదు. కణాలను తీసివేసిన తరువాత మిగిలే లేత పసుపురంగు ద్రవమే ప్లాస్మా. రక్తంలో సగానికి కొంచెం పైగా ఉండేది ఇదే. ఒక్కొక్క లీటరు ప్లాస్మాలో 60 నుండి 80 గ్రాముల మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, కరిగి ఉంటాయి. వీటిలో అధికభాగం అల్బుమిన్. నీటిని రక్తనాళాలలో నిలిపి ఉంచడం, కొవ్వు ఆమ్లాలను, మందులను మోసుకొనిపోవడం దాని పని. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఫైబ్రినోజెన్ లీటరుకు 2 నుండి 4 గ్రాములు. ఇవికాక ఇనుమును మోసేవి, రాగిని మోసేవి, ఎంజైములను అణచేవి ఎన్నో ఉన్నాయి.

ఇవన్నీ ఎక్కడ తయారవుతున్నాయి? అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో లియాన్ మిల్లర్, ఆయన సహచరులు దీనికి నేరుగా సమాధానం రాబట్టి 1951లో ప్రకటించారు. ఎలుక కాలేయాన్ని వెలికితీసి, ప్రాణవాయువు నింపిన రక్తాన్ని దానిగుండా ప్రవహింపజేస్తూ సజీవంగా ఉంచారు. ఆ రక్తంలో రేడియోధార్మిక కార్బనుతో గుర్తు వేసిన లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కలిపారు. కొన్ని గంటలలో ఆ గుర్తు ప్లాస్మా మాంసకృత్తులలో కనిపించింది. ఆ గుర్తును అనుసరించి లెక్క చూడగా అల్బుమిన్, ఫైబ్రినోజెన్ దాదాపు మొత్తంగాను, గ్లోబ్యులినులలో ఎనభై శాతానికి పైగాను కాలేయంలోనే తయారవుతున్నట్లు తేలింది. కాలేయం తప్ప తక్కిన అంగాల సంగతి 1954లో పరిశీలించగా, అవి ప్రధానంగా గామా గ్లోబ్యులినులను మాత్రమే తయారుచేయగలవని తెలిసింది. ప్రతిరక్షకాలు ఈ తెగకు చెందినవే. బార్తొలిన్ సమాధి చేసిన కాలేయం మూడువందల ఏండ్లకు ఇట్లు తిరిగి లేచింది. గేలెన్ చెప్పిన రక్తోత్పత్తిలో సగభాగం దాని పాలికి తిరిగి వచ్చింది.

పెద్దవారిలో కాలేయం దాదాపు కిలోన్నర బరువు ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో నాలుగవ వంతు దీనిగుండా పోతుంది. అందులో అధికభాగం పేగుల నుండి వచ్చే నిర్వాహక సిర ద్వారా చేరుతుంది. కాలేయకణాల మధ్య ఉండే సన్నని రక్తమార్గాల గోడలు జల్లెడలవలె రంధ్రాలు కలవి. కనుక రక్తంలో వచ్చే ఏ వార్త అయినా కాలేయకణానికి వెంటనే అందుతుంది. కాలేయకణం తయారుచేసిన ఏ వస్తువు అయినా వెంటనే రక్తంలో కలుస్తుంది. క్లోమం ఎంజైములను నిలవ చేసుకున్నట్లు కాలేయం ప్లాస్మా మాంసకృత్తులను నిలవ చేయదు. తయారైన అల్బుమిన్ అరగంట లోపుగానే బయటకు పోతుంది. రోజుకు 10 నుండి 15 గ్రాముల అల్బుమిన్ ఇట్లు వెలువడుతూ ఉంటుంది. గిడ్డంగి లేని కర్మాగారమిది. అందుచేత అవసరం మారినప్పుడు నిలవ సరుకు పంపే వీలు దానికి లేదు, తయారీనే మార్చుకోవాలి.

ఆ మార్పు తెచ్చేది శోథ. దేహంలో ఎక్కడైనా సూక్ష్మజీవి ప్రవేశించినా, గాయమైనా, ఎముక విరిగినా, కణజాలం నశించినా ఆ చోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి కలుగుతాయి. ఈ నాలుగు లక్షణాలను రోమను రచయిత సెల్సస్ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే పేర్కొన్నాడు. హకీములు దీనినే 'వరమ్' అంటారు. ఉర్దూ విద్యార్థికి వరమ్ అంటే వాపు, తెలుగు విద్యార్థికి వరం అంటే దేవుడిచ్చేది. ఒకే తరగతిలో ఈ మాట పలికినప్పుడు సగం మంది నవ్వడం మేము చూశాము. శోథ విషయంలో ఈ రెండు అర్థాలూ సరిపోతాయి.

శోథ ఒక వేలిలోనో ఒక పంటిలోనో ఉన్నా దాని ప్రభావం దేహమంతటా ఉంటుందని మొదట స్పష్టంగా చూపినది న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ ఆస్వాల్డ్ ఏవరీ ప్రయోగశాలలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తరసిని పరిశీలిస్తూ ఉండేవారు. న్యుమోనియాను కలిగించే సూక్ష్మజీవి నుండి తీసిన 'సి' అనే చక్కెర పదార్థాన్ని రోగి రక్తరసితో కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడేది. అది ప్రతిరక్షకం వల్ల జరిగి ఉంటే, రోగం తగ్గేకొద్దీ ఆ చర్య బలపడాలి. జరిగినది దానికి విరుద్ధం. రోగం ముదిరి ఉన్నప్పుడు అవక్షేపం ఏర్పడేది. రోగి కోలుకోగానే మాయమయ్యేది. ఈ ఫలితాన్ని వారు 1930లో ప్రకటించారు. 'సి' పదార్థంతో చర్య జరిపే మాంసకృత్తు గనుక దానికి సి-రియాక్టివ్ ప్రోటీన్, సంక్షేపంగా సి.ఆర్.పి. అనే పేరు స్థిరపడింది. న్యుమోనియాతో సంబంధం లేని ఇతర వ్యాధులలో కూడా ఇది కనిపించడంతో, ఇది ఒక సూక్ష్మజీవికి ప్రత్యేకమైన జవాబు కాదనీ, దేహానికి కలిగిన ఏ హానికైనా వచ్చే సామాన్యమైన జవాబనీ అర్థమైంది. రోగపు తీవ్రదశలో పెరిగే ఇట్టి మాంసకృత్తులను తీవ్రదశా మాంసకృత్తులు అనవచ్చు. మన కథకు ఇదే మూలసూత్రం.

మరి పంటి కింది చీము సంగతి కాలేయానికి తెలియజేసేవారెవరు? ఇది చాలాకాలం అంతుబట్టలేదు. తెల్లకణాల నుండి వెలువడే ఏదో పదార్థం కాలేయాన్ని ప్రేరేపిస్తున్నదని మాత్రం తెలుసు. దానిని కాలేయకణ ప్రేరకం అని పిలిచేవారు. జపానులోని ఒసాకాలో కిషిమోతో, హిరానో బృందం పూర్తిగా వేరే పని మీద ఉన్నది. ప్రతిరక్షకాల ఉత్పత్తిని ప్రోత్సహించే ఒక పదార్థం జన్యువును వారు 1986లో వేరుచేశారు. మరుసటి సంవత్సరం గాల్డీ మున్నగువారు ఆ పదార్థమూ, కాలేయకణ ప్రేరకమూ ఒక్కటేనని గుర్తించారు. ఈనాడు దానిని ఇంటర్‌ల్యూకిన్-6 అంటున్నాము. వేర్వేరు దారులలో బయలుదేరినవారు ఒకే ఇంటి గుమ్మం ముందు కలుసుకోవడం విజ్ఞానశాస్త్రంలో అరుదేమీ కాదు.

ఈ వార్తాప్రసారం జరిగే విధం స్థూలంగా ఇది. హాని కలిగిన చోట కాపలా కాసే భక్షకకణాలు సూక్ష్మజీవి అంశాలనో, చితికిన కణాల శకలాలనో గుర్తించి ఇంటర్‌ల్యూకిన్-1, ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాలను విడుదల చేస్తాయి. వీటిలో మూడవది రక్తంలో కలిసి కాలేయాన్ని చేరి, కాలేయకణం ఉపరితలంపై ఉన్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టుతో కణం లోపల స్టాట్-3 అనే మాంసకృత్తుకు ఒక ఫాస్ఫేటు సమూహం తగిలించబడుతుంది. అంతవరకు నిద్రాణంగా ఉన్న స్టాట్-3 మేల్కొని కేంద్రకంలోకి పోయి, కొన్ని జన్యువులను నడిపిస్తుంది. ఆ జన్యువుల నకలు ప్రతులు కేంద్రకం వెలుపలికి వచ్చి రైబోసోములపై మాంసకృత్తులుగా మారుతాయి. హాని జరిగిన ఆరు గంటల ప్రాంతంలో రక్తంలో సి.ఆర్.పి. పెరగడం మొదలవుతుంది. ఆపై ఇంచుమించు ప్రతి 8 గంటలకు రెట్టింపవుతూ, రెండు రోజులలో శిఖరాన్ని చేరుతుంది. ఆరోగ్యవంతునిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ప్రాంతంలో ఉండేది తీవ్రమైన సందర్భాలలో వందల మిల్లీగ్రాములకు, ఒక్కొక్కప్పుడు వెయ్యి రెట్లకు కూడా పోగలదు.

అన్ని మాంసకృత్తులూ ఇంత ఎత్తుకు ఎగరవు. సి.ఆర్.పి., సీరం అమిలాయిడ్-ఏ అనే రెండే ఇంతగా పెరిగేవి. ఫైబ్రినోజెన్, హాప్టోగ్లోబిన్, ఆల్ఫా-1 ఆంటిట్రిప్సిన్ రెండు మూడు రెట్లు పెరుగుతాయి. రాగిని మోసే సెరులోప్లాస్మిన్, కాంప్లిమెంటు వర్గంలోని సి-3 దాదాపు సగం వంతు పెరుగుతాయి. శోథ వేళ ప్లాస్మాలో కనీసం నాలుగవ వంతు పెరిగిన లేక తగ్గిన మాంసకృత్తును ఈ తెగలో చేర్చడం వైద్యశాస్త్రంలో వాడుక.

ఇంతటి మార్పు ఎందుకు? ఒక్కొక్కదాని పని చూస్తే కొంత బోధపడుతుంది. సి.ఆర్.పి. ఐదు సమాన భాగాలు వలయంగా కూర్చబడిన మాంసకృత్తు. ఒక్కొక్క భాగంలో 206 అమైనో ఆమ్లాలు. కాల్షియం సహాయంతో అది సూక్ష్మజీవుల పైపొరలోని, నశించిన మన కణాల పొరలోని ఫాస్ఫోకొలిన్‌ను పట్టుకుంటుంది. అట్లు పట్టుకున్నది భక్షకకణాలకు గుర్తుగాను, కాంప్లిమెంటు వ్యవస్థకు పిలుపుగాను పనిచేస్తుంది. పోలీసులు దొంగ చొక్కామీద సుద్దగుర్తు వేసినట్లని మేము తరగతిలో చెబుతుంటాము. ఫైబ్రినోజెన్ గాయం వద్ద వలగా అల్లుకొని రక్తస్రావాన్ని ఆపుతుంది. హాప్టోగ్లోబిన్ పగిలిన ఎర్రకణాల నుండి చిందిన హీమోగ్లోబిన్‌ను పోగుచేస్తుంది. లేకపోతే అందులోని ఇనుము సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది.

ఆల్ఫా-1 ఆంటిట్రిప్సిన్ సంగతి వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది. శోథ ఉన్న చోటికి పరుగెత్తి వచ్చే తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపడానికి ఎలాస్టేజ్ అనే పదునైన ఎంజైమును వదులుతాయి. ఆ ఎంజైముకు శత్రువెవరో, మిత్రుడెవరో తెలియదు. మన ఊపిరితిత్తుల సాగేతీగలను కూడా కోసివేయగలదు. దానిని అదుపు చేసేది ఈ ఆంటిట్రిప్సిన్. స్వీడనులోని మాల్మో నగరంలో లారెల్, ఎరిక్సన్ అనే వైద్యులు కొందరు రోగుల ప్లాస్మాను విద్యుత్ క్షేత్రంలో వేరుపరచినప్పుడు ఉండవలసిన చోట ఒక పట్టీ లేకపోవడం గమనించి 1963లో ప్రకటించారు. అట్టి రోగులలో చిన్నవయసులోనే ఊపిరితిత్తులు చెడిపోయినవారు ఉన్నారు. కాలేయం పంపవలసిన ఒక కాపలాదారు రాకపోతే నష్టం ఊపిరితిత్తులలో కనిపిస్తుందన్నమాట. శోథలో కాలేయం యుద్ధసామగ్రినే కాదు, ఆ యుద్ధం ఇంటిని కాల్చకుండా ఆపే నీటిని కూడా పంపుతున్నది.

ఇదంతా ఉచితంగా జరిగే పని కాదు. కొత్త సరుకు తయారీకి చేతులు, ముడిసరుకు కావాలి గనుక కాలేయం కొన్ని పాత సరుకులను తగ్గిస్తుంది. అల్బుమిన్, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్, ట్రాన్స్‌థైరెటిన్ తగ్గేవాటిలో ముఖ్యమైనవి. అల్బుమిన్ తగ్గడానికి తయారీ మందగించడం ఒక కారణం. వదులైన రక్తనాళాల గోడల నుండి అది వెలుపలికి జారిపోవడం మరొక కారణం. ఆసుపత్రిలో పడివున్న రోగికి అల్బుమిన్ తగ్గిందనగానే "సరిగా తిండి పెట్టడం లేదు" అని ఇంటి ఆడవారిపై నింద వేయడం మనం వింటూంటాము. పోషకాహార లోపం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. శోథ రగులుతున్నంతకాలం ఎన్ని గుడ్లు పెట్టినా ఆ అంకె అంత త్వరగా పైకి రాదు. ఆ నింద అన్యాయం.

ముడిసరుకు మాట కూడా చూడాలి. అమైనో ఆమ్లాలు ఎక్కువగా కండరాల నుండి వస్తాయి. రోగి భుజాలు, తొడలు కరిగిపోవడానికి ఇది ఒక కారణం. తీవ్రదశా మాంసకృత్తులలో ఫినైలలనిన్ వంటి కొన్ని అమైనో ఆమ్లాలు అధికం. కండరంలో అవి తక్కువ. ఒక తలుపు చేయించడానికి టేకు కావలసివచ్చి, దానికోసం ఇంట్లోని చిన్నచిన్న బల్లలు అనేకం విరగగొట్టినట్లు, కొద్ది సరుకు కోసం ఎక్కువ కండరం ఖర్చు కావచ్చునని 1994లో కొందరు పరిశోధకులు సూచించారు.

ఇనుము విషయం మన దేశంలో మరింత ముఖ్యం. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల చిన్న గొలుసును 2000, 2001 సంవత్సరాలలో గుర్తించారు. ఇంటర్‌ల్యూకిన్-6 వచ్చినప్పుడు ఇది కూడా పెరుగుతుంది. పేగు గోడ నుండి, భక్షకకణాల నుండి ఇనుము రక్తంలోకి వచ్చే ద్వారాన్ని హెప్సిడిన్ మూసివేస్తుంది. సూక్ష్మజీవికి ఇనుము అందకుండా చేయడమే దీని ప్రయోజనమని భావిస్తారు. నాలుగురోజుల జ్వరంలో ఇది మేలే. నెలల తరబడి సాగే శోథలో మాత్రం అస్థిమజ్జకు కూడా ఇనుము అందక రక్తహీనత కలుగుతుంది; నిలవలో ఇనుము ఉంటుంది, చేతికి రాదు. ఇట్టివారికి మాత్రలు ఆశించినంత పనిచేయకపోవడానికి కారణమిదే. అయితే మన ఆడపిల్లలలో నిజంగా ఇనుము లోపమే ఎక్కువ గనుక, ఇది చదివి ఎవరూ మాత్రలు మానవద్దు. ఏది ఏ రకమో తేల్చడం వైద్యుని పని.

శోథ ఏండ్ల తరబడి సాగితే కాలేయం పంపిన సరుకే విషమయ్యే అవకాశం కూడా ఉన్నది. సీరం అమిలాయిడ్-ఏ ముక్కలు నారలుగా పేరుకొని మూత్రపిండాలలో చేరి వాటిని పాడుచేస్తాయి. చికిత్స లేకుండా ముదిరిన క్షయ, కుష్ఠు, కీళ్ళవాతం దీనికి పేరుపొందిన కారణాలు.

ఇప్పుడు ఆ ఎర్రగీత గీసిన అంకె దగ్గరకు రావచ్చు. గడ్డకట్టకుండా సిట్రేటు కలిపిన రక్తాన్ని నిలువుగా ఉంచిన సన్నని గాజుగొట్టంలో పోసి, గంట తరువాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడడమే ఇ.ఎస్.ఆర్. పరీక్ష. ఎర్రకణాల ఉపరితలంపై ఋణవిద్యుదావేశం ఉండడం చేత అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతూ ఉంటాయి. ఫైబ్రినోజెన్ పెరిగినప్పుడు ఆ నెట్టుడు లొంగిపోయి, కణాలు నాణేల దొంతరలవలె అతుక్కుంటాయి. దొంతర బరువైనది గనుక త్వరగా దిగుతుంది. అనగా ఇక్కడ మనం ముఖ్యంగా కొలుస్తున్నది కాలేయం పంపిన ఫైబ్రినోజెన్‌ను, అదీ పరోక్షంగా. ప్రతిరక్షకాలు మితిమీరినా ఈ అంకె పెరుగుతుంది. రక్తహీనతలో పెరుగుతుంది. గర్భవతులలో సహజంగానే పెరుగుతుంది. స్వీడను శాస్త్రజ్ఞుడు ఫారియస్ 1918లో దీనిని గమనించినది వారి రక్తంలోనే. 1921లో వెస్టర్‌గ్రెన్ ఈ పరీక్షకు ఇచ్చిన పద్ధతి నేటికీ ప్రమాణం.

ఫారియస్ మరొక చక్కని మాట చెప్పాడు. పూర్వం వైద్యులు గాజుపాత్రలో రక్తం తీసి ఉంచినప్పుడు అది పొరలుగా విడిపోయేది: అడుగున నల్లని గడ్డ, దానిపై ఎరుపు, ఆపై తెల్లని పొర, అన్నిటికీ పైన పసుపు నీరు. సౌదా, దమ్, బల్గమ్, సఫ్రా అనే నాలుగు దోషాల సిద్ధాంతం ఈ దృశ్యం నుండే పుట్టి ఉంటుందని ఆయన అభిప్రాయం. జ్వరపీడితుని రక్తంలో తెల్లని పొర మందంగా ఉండేది. ఎర్రకణాలు గడ్డకట్టకముందే త్వరగా దిగిపోవడమే అందుకు కారణం. రోగిలో బల్గమ్ ప్రకోపించిందని నాటి వైద్యుడు చెప్పినప్పుడు ఆయన చూస్తున్నది, తనకు తెలియకనే, కాలేయం పంపిన ఫైబ్రినోజెన్ ప్రభావాన్ని.

ఈ రెండు పరీక్షల నడకలోని తేడా తెలిస్తే చాలా భయాలు తగ్గుతాయి. సి.ఆర్.పి. రక్తంలో సగానికి తగ్గే కాలం దాదాపు 19 గంటలు. శోథ ఆగితే కొద్దిరోజులలో అంకె పడిపోతుంది. ఫైబ్రినోజెన్‌కు ఆ కాలం నాలుగు రోజుల ప్రాంతం. అందుకే రోగం తగ్గిన తరువాత కూడా ఇ.ఎస్.ఆర్. వారాలపాటు నెమ్మదిగా దిగుతుంది. రోగి లేచి తిరుగుతుండగా ఇ.ఎస్.ఆర్. ఇంకా ఎక్కువగా ఉన్నదని కలవరపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కొలమానం కూడా చూడాలి: కొన్ని ప్రయోగశాలలు సి.ఆర్.పి.ని లీటరుకు, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. లీటరుకు 12 అన్నా డెసిలీటరుకు 1.2 అన్నా ఒక్కటే.

అంకె తక్కువగా ఉన్నంతమాత్రాన అంతా క్షేమమనుకోవడం కూడా పొరపాటే. జ్వరం వచ్చిన మొదటి గంటలలో కాలేయానికి ఇంకా వార్తే చేరి ఉండదు. కాలేయం బాగా చెడిపోయినవారిలో వార్త చేరినా తగినంత జవాబు రాదు. 2021 ఏప్రిల్, మే నెలలలో కోవిడ్ రోగుల బంధువులు టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ కోసం ఊరూరా తిరిగిన రోజులు చాలామందికి జ్ఞాపకముండే ఉంటాయి. ఆ మందు ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని మూసివేస్తుంది. ప్రాణవాయువు తగ్గి, సి.ఆర్.పి. లీటరుకు 75 మి.గ్రా. లేక అంతకు మించి ఉన్న ఆసుపత్రి రోగులలో అది మరణాలను కొంత తగ్గిస్తుందని ఆ సంవత్సరమే బ్రిటనులో జరిగిన రికవరీ అనే పెద్ద పరిశోధనలో తేలింది. ఆ మందు ఇచ్చిన తరువాత సి.ఆర్.పి. దాదాపు అడుగంటుతుంది. రోగం పోయిందని కాదు. కాలేయం చెవులు మూయబడినవి. అప్పుడు మరొక సూక్ష్మజీవి దేహంలో ప్రవేశించినా ఆ అంకె పెరగకపోవచ్చు. మందు పొందిన రోగిని వైద్యులు కేవలం అంకె చూసి వదిలిపెట్టకపోవడానికి కారణమిదే.

మా విద్యార్థి విషయానికి వస్తే, వైద్యుడు ఛాతీ ఎక్స్‌రే తీయించి, కఫం పరీక్ష చేయించారు. క్షయ జాడ లేదు. ఉన్నా సిగ్గుపడవలసినదేమీ లేదు. మందులకు లొంగే సాధారణ క్షయ ఆరునెలల చికిత్సతో నయమయ్యే వ్యాధి. తరువాత నోరు తెరవమన్నారు. కింది దవడలో చివరి పన్ను కింద చీము పట్టి ఉన్నది. కుర్రవాడు నొప్పిని వారాల తరబడి లవంగనూనెతో ఓర్చుకున్నాడట. పరీక్షల ముందు ఖర్చెందుకని ఇంట్లో చెప్పలేదు. పన్ను తీసి, మందులు ఇచ్చారు. వారంలో జ్వరం పోయింది. ఆరువారాల తరువాత చేసిన పరీక్షలో ఇ.ఎస్.ఆర్. 14 వచ్చింది. తండ్రిగారు ఆ కాగితం కూడా తెచ్చి చూపారు. ఈసారి మడతలు లేవు. సంబంధం వారు మాత్రం మొదటి కాగితం సంగతే విన్నారు, రెండవదాన్ని చూడమంటే వినలేదు. ఆ అమ్మాయి వివాహం ఈ ఏడు మరొక ఇంట నిశ్చయమైంది.